చూశానన్న ఒక్క మాట

సామ్‌చొన్‌పొ,
ఏప్రిల్, చెర్రీ పూలు రాలిపోయాక.

నాన్‌హీకి, వదిన దీవించి రాసేది.

ఈవిడేమిటి కాగితం మీద రాస్తోంది, ఫోన్ గానీ పోయిందా అనుకుంటున్నావేమో. పోలేదు తల్లీ. పొద్దస్తమానం వృద్ధుల కేంద్రంలో పదిమంది ఫోన్లు నా చేతిలోనే ఉంటాయి. కానీ నీకు ఫోన్లో ఎంత పెద్ద సంగతి రాసినా చూశానన్నట్టు "హ్వాగిన్" అని ఒక్క ముక్క కొట్టి ఊరుకుంటావు. ఉత్తరానికి అలా కుదరదు, కూర్చుని జవాబు రాసి తీరాలి. అందుకే ఈ పని పెట్టుకున్నాను.

అసలు సంగతికి వస్తాను. మీ అన్నయ్య బీపీ మాత్రలు మానేశారు. ఎప్పుడు మానేశారో నాకు తెలీదు. నేను రోజూ పొద్దున్నే గ్లాసుడు నీళ్ళతో చేతికిస్తూనే ఉన్నాను, ఆయన జేబులో వేసుకుని పడవ ఇంజన్ల షాపుకి పోతూనే ఉన్నారు. మొన్న చిన్న స్పానర్ కోసం షాపులో డబ్బాలు వెతుకుతుంటే నట్ల డబ్బాలో అడుగంతా మాత్రలే. 

మాత్రలకి బదులు ఉల్లితొక్కల కషాయం తాగుతున్నారు. ఎవరో తెల్లకోటు వేసుకుని వీడియోలో చెప్పాడట: మాత్రలు మూత్రపిండాలు తినేస్తాయి, ఉల్లితొక్కలు రక్తాన్ని కడిగేస్తాయి, ఉద్యోగాల్లో ఉన్న డాక్టర్లు ఈ మాట బయటికి చెప్పకూడదు అని. "అది ఎవడో అమ్ముకునేవాడు పెట్టిన వీడియోనండీ" అన్నాను. "నీకేం తెలుసు? పెద్ద చదువులు చదివినవాళ్ళే చూసి సరేనన్నారు" అన్నారు. "ఎవరండీ ఆ మహానుభావులు?" అంటే, "పేరు చెప్పను. వాళ్ళ ఉద్యోగానికి మాటొస్తుంది" అని మొహం అటు తిప్పుకున్నారు.

చూశావా నా ఖర్మ? ఊళ్ళో ముసలాళ్ళకి ఫోన్లో వచ్చేవన్నీ నమ్మకండి అని పాఠాలు చెప్పేది నేను. నా ఇంట్లో జరిగేది ఇదీ. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదు.

మీ నాన్నగారు వలల గదిలో ఎలా పడిపోయారో నీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడాయనకి మీ అన్నయ్య వయసే. మళ్ళీ ఆ దృశ్యం చూసే ఓపిక నాకు లేదు నాన్‌హీ. నా మాట ఈయనకి ఏనాడూ చెవికెక్కదు. నువ్వంటే వేరు. పడవల వాళ్ళెవరు ఇంజను తెచ్చినా, "దేశదేశాల జనానికి నిజమేదో అబద్ధమేదో తెలుస్తోందా లేదా అని కొలిచేది మా చెల్లెలే" అని మొదలెడతారు. నువ్వు గట్టిగా ఒక్క మాట చెప్పు.

ఎండు చేప పొట్లం కూడా పంపుతున్నాను. మీ ఆఫీసు మైక్రోవేవులో మాత్రం కాల్చకు, అందరూ లేచిపోతారు.

నీ వదిన,
మల్‌సుక్.


సెజోంగ్,
ఏప్రిల్ చివర.

వదినకి నమస్కారం.

ఉత్తరం చేరిన పూటే అన్నయ్యకి ఫోన్ చేశాను. తిట్టాను కూడా. "ఆఁ, వేసుకుంటున్నాలే" అన్నాడు. నేను వదలకుండా, "ఆ వీడియోలన్నీ అబద్ధాలు అన్నయ్యా, మాత్రలు ఆపితే ప్రాణం మీదికొస్తుంది" అన్నాను. దానికి పెద్దగా నవ్వి, "నువ్వు అలాగే అనాలిలేవే. సర్కారు జీతం తీసుకునేదానివి. నాకు అర్థమైందిలే" అన్నాడు. ఏమర్థమైందో ఆ మనిషికి, నాకు మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతలో మీటింగుకి పిలిచారు, ఫోన్ పెట్టేశాను. ఇంతకీ సరేనన్న ఆ పెద్ద చదువులవాళ్ళెవరు వదినా? ఆ మనిషి నాకు దొరికితే చొక్కా పట్టుకుని నాలుగు మాటలు అడుగుతాను. ఇలాంటివాళ్ళ వల్లే దేశం ఇలా తగలడింది.

నా సంగతి అడగకు. అలసిపోయాను. ఇరవై పైచిలుకు దేశాలు ఒకే ప్రశ్నపత్రంతో జనాన్ని అడుగుతున్నాయి: వార్త ఎక్కడిదో చూస్తారా, రాసినవాడెవడో కనుక్కుంటారా, ఇతరులకి పంపేముందు నిజానిజాలు తేల్చుకుంటారా. మన దేశం కాగితాలు మొత్తం నా బల్ల మీదే. ఒక చలిదేశం వాళ్ళు "అప్పుడప్పుడు" అంటారు, ఇంకో ఎండదేశం వాళ్ళు అన్నిటికీ "ఎప్పుడూ" అంటారు. ఎవరికి ఎక్కువ తెలుసో, ఎవరికి మొహమాటం ఎక్కువో విడదీయడానికే నా కళ్ళు పోతున్నాయి.

అయినా నీకో మంచి కబురు. నిన్న తొలి లెక్కలు వచ్చాయి. పంపేముందు నిజానిజాలు చూసుకోవడంలో అరవై దాటినవాళ్ళల్లో మనమే అన్ని దేశాలకన్నా పైన ఉన్నాం! మా ప్యో డైరెక్టర్ కుర్చీలో కూర్చోలేకపోతున్నాడు. జూన్ చివర పేపరువాళ్ళని పిలిచి ప్రకటిస్తారట. నీ క్లాసు ముసలమ్మలే దేశం పరువు నిలబెట్టారు వదినా. వాళ్ళందరికీ నా తరఫున చెప్పు.

ఎండు చేప ఇంట్లోనే కాల్చుకున్నాను. కిటికీ తీసినా పక్కింటివాళ్ళు గొణిగారు.

నీ మరదలు,
నాన్‌హీ.


సామ్‌చొన్‌పొ,
మే నెల, ముసురు.

నాన్‌హీకి.

నీ మంచి కబురు క్లాసులో చెప్పాను. చప్పట్లు కొట్టారు. తరవాత జరిగింది విను, నవ్వాలో ఏడవాలో నువ్వే తేల్చుకో.

బొక్‌సున్ మామ్మ అని కొత్తగా చేరింది, ఎనభైకి దగ్గర్లో ఉంది, ఓడరేవులో గుల్లలు ఒలిచేది. చలికాలంలో మీ ఆఫీసు తరఫున ప్రశ్నలు అడిగే పిల్ల పలకలాంటి కంప్యూటరు పట్టుకుని ఈవిడ ఇంటికీ వచ్చిందట. "నన్నూ అడిగింది. అన్నిటికీ మంచిగా చెప్పాను" అని మురిసిపోయింది. నాకెందుకో అనుమానం వచ్చింది. ఎందుకంటే అంతకు కాసేపటి ముందే ఆవిడ, సముద్రంలో విషం కలిసింది ఉప్పు కొని దాచుకోండి అన్న కబురు క్లాసులో అందరికీ పంపేసింది.

"మామ్మా, ఇది పంపేముందు హ్వాగిన్ చేశావా?" అని అడిగాను.

"చెయ్యకుండా పంపుతానా? ముందు హ్వాగిన్ చేశాకే పంపాను."

"ఎలా చేశావు?"

"ఎలా ఏమిటమ్మా, నీకు తెలీదా? ఇలా నొక్కాను, తెరుచుకుంది, పక్కన ఎర్ర అంకె పోయింది. నేను ఒక్కటి కూడా వదలను. అన్నీ హ్వాగిన్ చేస్తాను. నా ఫోన్లో ఎర్ర అంకె ఉండదు, కావాలంటే చూడు."

వెనక బల్ల మీద ఒకాయన, "నేనూ అంతే. చదివానని అవతలివాళ్ళకి తెలియొద్దూ? మర్యాద గదా" అన్నాడు. మిగతా కొత్తవాళ్ళందరూ తలలూపారు.

నాన్‌హీ, మీ ప్రశ్నలో ఆ మాటే ఉందా? "వచ్చిన వార్తని ఇతరులకి పంపేముందు హ్వాగిన్ చేస్తారా" అనే గదా అడిగారు? మీ ఆఫీసులో హ్వాగిన్ అంటే నిజమో కాదో తేల్చుకోవడం. ఇక్కడ ఫోన్ పట్టుకున్న ప్రతివాళ్ళకీ హ్వాగిన్ అంటే చూశాను, మీ మెసేజి అందింది మహాప్రభో అని. ఆ లెక్కన మన ముసలాళ్ళు ఫస్టు రాకపోతే ఆశ్చర్యం.

ఇంకో చోద్యం చెప్పనా? నా దగ్గర రెండేళ్ళుగా నేర్చుకుంటున్నవాళ్ళకి ఆ మాటకి అసలు అర్థం తెలుసు. వాళ్ళు నిజాయితీగా "అప్పుడప్పుడే" అని చెప్పారట. దాంతో క్లాసే లేని పక్క ఊరు పైన, మా ఊరు కింద. కేంద్రం మేనేజరు నన్ను పిలిచి, "ఇంత నేర్పి ఇదేనా మల్‌సుక్ గారూ?" అన్నాడు.  వివరించే ఓపిక లేక వచ్చేశాను.

మీ అన్నయ్య సంగతి. నీకు వేసుకుంటున్నానని చెప్పారేమో గానీ నట్ల డబ్బా నిండుతూనే ఉంది. నా ఎదురుగా మింగమంటే దవడలో పెట్టుకుని పెరట్లోకి పోతున్నారు. మొన్న రేవు మెట్ల మీద కళ్ళు తిరిగి కూర్చుండిపోయారట. ఆయన చెప్పలేదు, పక్క షాపు అతను చెప్పాడు. ఫోన్లో చెబితే పని కాలేదు గదా. ఒక్కసారి స్వయంగా రా. ఆయన ఎదురుగా కూర్చుని చెప్పు. ఆలస్యం చెయ్యకు.

వదిన.


సెజోంగ్,
జూన్ మొదట్లో.

వదినా,

నీ ఉత్తరం చదివి అన్నం సయించలేదు. ఒట్టు. నువ్వు చెప్పింది నిజమే.

ముందు ఒప్పుకోబుద్ధి కాలేదు. భోజనాల గదిలో వడ్డించే ఆవిణ్ణీ, గేటు దగ్గర పెద్దాయన్నీ, మా అపార్ట్‌మెంట్ కింద బట్టలు ఇస్త్రీ చేసే ఆయన్నీ అదే ప్రశ్న అడిగి చూశాను. ముగ్గురూ "అయ్యో, ఎప్పుడూ చేస్తాం" అన్నారు. ఎలా చేస్తారంటే ఫోన్ తీసి చూపించారు. బొక్‌సున్ మామ్మ చూపించినట్టే.

ఆ మాట పెట్టింది నేనే. మూలంలో పొడుగాటి వాక్యం ఉంది: ఆ వార్త నిజమా అని ఇంకోచోట కూడా వెతికి చూస్తారా, అని. పలక మీద రెండు వరుసలు పట్టేస్తోంది, కుదించమన్నారు. ఒక్క మాటలో పోతుందిగా అని హ్వాగిన్ అని రాసేశాను. అందరూ సంతకాలు పెట్టారు. ఇంతమంది డాక్టరేట్లలో ఒక్కరికీ తట్టలేదు.

ప్యో డైరెక్టర్‌కి చెప్పాను. చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "నాన్‌హీ గారూ, అన్ని దేశాల్లోనూ ఏదో ఒక మాట ఇలాగే అటూ ఇటూ అవుతుంది. వాళ్ళెవరూ చెప్పుకోవడం లేదు గదా? మనమే ఎందుకు వీధిన పడాలి? పైకి ఇప్పటికే కబురు వెళ్ళిపోయింది. ఈసారికి పోనివ్వండి, వచ్చేసారి సరిచేద్దాం" అన్నాడు. చెడ్డవాడు కాదు వదినా. ఆయనా అలసిపోయాడు. నేను సరేనన్నాను. వాదించడానికి ఒంట్లో శక్తి ఉండాలి గదా, నాకు లేదు. ఈ మాట నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను.

అన్నయ్య కళ్ళు తిరిగిన సంగతి చదివి భయం వేసింది. కానీ ఈ ప్రకటన అయ్యేదాకా నన్ను కదలనివ్వరు. ఆ మర్నాడే బయలుదేరి వస్తాను. అప్పటిదాకా ఎలాగోలా మాత్రలు లోపలికి పోయేలా చూడు. జావలో నూరి కలిపితే?

నాన్‌హీ.


జింజు, ఆసుపత్రి వరండా,
జూన్.

నాన్‌హీ,

జావలో నూరి కలపమన్న నీ ఉత్తరం వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటావిడ ఇక్కడికి తెచ్చిచ్చింది.

ఇంజను విప్పుతూ విప్పుతూ పడిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మాట ముద్దగా వస్తోంది. ప్రాణానికి భయం లేదన్నారు. బుసాన్ నుంచి తెగ్యు వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. వాడు చూసుకుంటుంటే వరండాలోకి వచ్చి రాస్తున్నాను.

డాక్టరు కుర్రవాడు. మాత్రలు ఎందుకు మానేశారని మెల్లగా అడిగాడు. మీ అన్నయ్య ముద్దమాటల్లోనే, "నా చెల్లెలు చూసింది" అన్నారు. "సెజోంగ్‌లో పరిశోధకురాలు. నిజమో అబద్ధమో కొలవడమే దాని ఉద్యోగం. ఆ వీడియో దానికి పంపాను. అది హ్వాగిన్ చేసి చెప్పింది" అన్నారు. ఆ స్థితిలో కూడా గర్వంగా చెప్పారు నాన్‌హీ. డాక్టరు నా వంక చూశాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

ఆయన ఫోన్ తీసి, కిందటి చుసోక్ పండగ రోజుల దాకా వెనక్కి వెళ్ళాను. ఉంది. మన ఫ్యామిలీ గ్రూపులో ఆయన వీడియో పెట్టి, "నాన్‌హీ, మాత్రలు ఆపమంటున్నాడు, నువ్వు చూసి చెప్పు, నీ మాటే నాకు చాలు" అని రాశారు. కింద నీ జవాబు. హ్వాగిన్ చేశాను. అంతే. ఇంకొక్క అక్షరం లేదు.

ఆ పెద్ద చదువుల మహానుభావురాలివి నువ్వే. ఇన్నాళ్ళూ పేరు చెప్పకుండా దాచింది నీ ఉద్యోగం పోతుందని. నువ్వు ఫోన్ చేసి తిట్టినప్పుడు నవ్వింది కూడా అందుకే. పైకి అలా అనక తప్పదు పాపం అనుకున్నారు.

నాకు నీ మీద ఎంత కోపంగా ఉందో రాయడానికి మాటలు లేవు. నువ్వు పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఆ ఇంటికి కోడలిగా వచ్చాను, నీ జడ వేశాను, నీ చదువు కోసం మీ అన్నయ్య పడవ మీద తిరుగుతుంటే ఇల్లు చూసుకున్నాను. ఇంకో నాలుగు మాటలు రాసే తీరిక లేకపోయిందా నీకు? బొక్‌సున్ మామ్మకి బడి లేదు. నీకేమైంది?

ఇప్పుడు రాకు. నిన్ను చూస్తే ఆయన ముందు నేనేమంటానో నాకే తెలీదు.

మల్‌సుక్.


సెజోంగ్,
జూలై, వానాకాలం.

వదినా,

రావద్దన్నావు. అయినా వచ్చాను. నువ్వు స్నానానికి వెళ్ళిన పూట తెగ్యుని అడిగి లోపలికి వెళ్ళాను. వాణ్ణి తిట్టకు, నేనే బతిమాలాను.

నీ ఉత్తరం చదివాక ఆ గ్రూపు తెరిచి పైకి జరుపుతూ పోయాను. అన్నయ్య పంపినవన్నీ ఉన్నాయి. పసుపు, సముద్రపు ఉప్పు, భూకంపం వస్తుందట, ఫలానా బ్యాంకు మూతపడుతుందట. ప్రతిదాని కిందా నేను అదే మాట కొట్టాను. ఒక్కటి కూడా చదవలేదు వదినా. మీటింగుల మధ్యలో ఎర్ర అంకె కనబడితే చిరాకు, అది పోవడానికి తెరిచేదాన్ని, మర్యాద కోసం ఆ ముక్క కొట్టేదాన్ని. దేశంలో ముసలాళ్ళకి ఏమి రాదో లెక్కగట్టే పనిలో కూర్చుని నేను చేసింది ఇదీ. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

అన్నయ్యతో చెప్పేశాను. "అన్నయ్యా, నేను ఆ వీడియో చూడలేదు. అందిందని అన్నానంతే" అన్నాను.  ఎడమచేత్తో ఫోన్ నా వైపు తోసి, "ఇప్పుడు చూడు" అన్నాడు. ఇద్దరం కలిసి మొదటినుంచీ చూశాం. చివర్లో ఆ తెల్లకోటు మనిషి ఉల్లితొక్కల పొడి డబ్బా పట్టుకుని, ఇవాళ ఫోన్ చేస్తే ఇంకో డబ్బా ఉచితం అంటున్నాడు. చివరిదాకా చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

"ఇదెక్కడ ఉందీ? నేను చూళ్ళేదే!" అన్నాడు అన్నయ్య.

"నువ్వూ పూర్తిగా చూడలేదా?"

"సగం చూసి నీకు పంపా. మిగతాది నువ్వు చూస్తావుగా అని."

ఇద్దరం నవ్వాం. నవ్వుతుంటే అన్నయ్య మూతి ఒకవైపే కదిలింది, అది చూసి నాకు ఏడుపాగలేదు. నా తల మీద ఎడమచెయ్యి వేసి, "గ్రూపులో నువ్వొక్కదానివే జవాబిచ్చేదానివే. తెగ్యు ఆపండి నాన్నా అంటాడు, మీ వదిన అసలు తెరవదు. నువ్వు చూస్తున్నావు గదా అని పంపేవాణ్ణి" అన్నాడు. ఈ మాట నీకు చెప్పొద్దన్నాడు. నేనిక ఎవరి దగ్గరా ఏదీ దాచదల్చుకోలేదు.

తిరిగొచ్చాక, ప్రశ్నలు పంపిన అంతర్జాతీయ కార్యాలయానికి మొత్తం రాసేశాను. ఏ మాట పెట్టానో, జనం ఏమని అర్థం చేసుకున్నారో, అడిగి చూసినవాళ్ళు ఏమన్నారో అన్నీ. ఆ ప్రశ్న మన లెక్కల్లోంచి తీసేశారు. ప్రకటన ఆగిపోయింది. అది లేకుండా లెక్కేస్తే మనం ఎక్కడో మధ్యలో ఉన్నాం. ప్యో డైరెక్టర్ నన్ను పల్లెత్తు మాట అనలేదు, పాత ఫైళ్ళ విభాగానికి మార్చాడు. అక్కడ కిటికీ లేదు. పనీ పెద్దగా లేదు. అందరూ నా మీద జాలిపడుతున్నారు. నాకు మాత్రం చాలాకాలం తరవాత నిద్ర పడుతోంది.

మళ్ళీ రావాలంటే నువ్వు రమ్మన్నప్పుడే వస్తాను.

నాన్‌హీ.


సామ్‌చొన్‌పొ,
ఆగస్టు చివర.

నాన్‌హీకి, వదిన రాసేది.

నువ్వొచ్చి వెళ్ళిన సంగతి ఆ రోజే తెలుసు. మంచం పక్కన నీ గొడుగు మర్చిపోయావు. ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాను. కోపం పూర్తిగా పోలేదు, పోయిందని అబద్ధం చెప్పను. కానీ రోజంతా కోపం మోసే ఓపిక కూడా ఉండటం లేదు. ఆయన్ని లేపాలి, కూర్చోబెట్టాలి, గుండీలు పెట్టాలి.

ఇంటికొచ్చి మూడు వారాలైంది. మాత్రలు నా ఎదురుగానే మింగుతున్నారు, నోరు తెరిచి చూపిస్తున్నారు కూడా, చిన్నపిల్లాడి వేషాలు. ఉల్లితొక్కలన్నీ చెత్తలో పోశాను. నా క్లాసు నడుస్తూనే ఉందిలే. నువ్వు రాసింది పైనుంచి తిరిగి తిరిగి మా మేనేజరు దాకా వచ్చినట్టుంది, ఇప్పుడు నన్ను చూస్తే లేచి నిలబడుతున్నాడు.

ఫోన్లో పంపడం మాత్రం మానలేదు ఈయన. ఎడమచేత్తో ఇంకా ఎక్కువ పంపుతున్నారు. నువ్వు రాసే పొడుగాటి జవాబులు వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపిస్తారు. మొన్న ఆ జిన్సెంగ్ వేరు మందు వీడియోకి నువ్వు పెట్టిన చీవాట్లు పక్క షాపు అతనికి చదివి, "చూశావా ఎలా తిట్టిందో! మొత్తం చదివితేనే గదా ఇన్ని తిట్లు" అని ఒకటే సంబరం.

ఇప్పుడు నేను రాయడానికి కారణం వేరే ఉంది. కిందటి వారం జింజు తీసుకెళ్ళాం. డాక్టరు పరీక్షలన్నీ చేసి, కాగితం రాసిచ్చి, ఆయన్ని బయట కూర్చోబెట్టి నాకు చెప్పాడు. కుడి చేతికి కాస్త కదలిక వస్తుందట. గరిటె పట్టుకోవచ్చు, గుండీ పెట్టుకోవచ్చు. స్పానర్ తిప్పే బలం మాత్రం రాదట. ఇంజను పని ఇక లేనట్టే.

దారిలో చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక సగం సగం చెప్పాను. నమ్మలేదు. "ఆ కుర్ర డాక్టరుకేం తెలుసు, వాడి మొహం" అన్నారు. రోజూ షాపు దాకా నడిపించమంటారు. విప్పిన ఇంజను అలాగే పడి ఉంది, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. చలికాలానికి చెయ్యి వచ్చేస్తుందని ముగ్గురు పడవల వాళ్ళకి మాటిచ్చేశారు. వాళ్ళు మొహమాటానికి సరేనంటున్నారు. నిన్న ఆ కాగితం నాచేత కవరులో పెట్టించారు. "ఇది నాన్‌హీకి పంపు. అది చూసి చెబితే నమ్ముతాను. ఇంకెవరు చెప్పినా నమ్మను" అన్నారు.

పంపుతున్నాను. తల స్కాన్ ఫొటోలు కూడా ఇందులోనే ఉన్నాయి. ఇంత జరిగినా ఆయనకి నీ మాటంటే ఇంకా అంత నమ్మకం. నాకైతే భయంగా ఉంది. నేను చెప్పలేను నాన్‌హీ. నువ్వే చూసి చెప్పాలి.

నీ వదిన.


సెజోంగ్,
సెప్టెంబరు.

వదినా,

కాగితాలన్నీ చదివాను. తెలియని మాట ఎదురైనచోటల్లా ఆగి కనుక్కుని చదివాను. జింజు డాక్టరుకి ఫోన్ చేస్తే ఓపిగ్గా మాట్లాడాడు, కాగితంలో ఉన్నదే చెప్పాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఒకరోజు సెలవు పెట్టి, తల ఫొటోలు పట్టుకుని దేజొన్‌లో ఇలాంటి కేసులే చూసే ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. పేరు, ఊరు, ముందు డాక్టరు ఏమన్నాడో ఏదీ చెప్పకుండా ఫొటోలు ముందు పెట్టాను. ఆవిడ నా ఎదురుగానే ఒక్కొక్కటీ వెలుగులో పెట్టి చూసింది. "ఈయన ఏం పని చేస్తారు?" అని అడిగింది. చెప్పాను. తల అడ్డంగా ఊపింది. "పొరపాటేమీ లేదుగదా, ఇంకొక్కసారి చూడండి" అన్నాను. విసుక్కోకుండా మళ్ళీ చూసింది.

ఇద్దరూ అదే మాట అన్నారు వదినా.

పడవల వాళ్ళకి నువ్వేమీ చెప్పకు. శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. అన్నయ్యని షాపులోనే కూర్చోబెట్టి ఉంచు. నేనే చెబుతాను.

నాన్‌హీ.